మరక అనుకున్న ఎముక

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నారు. నేను అక్కడే ఎముకల వార్డులో నర్సుని. ఇంట్లోనూ ఆయన ముఖమే, డ్యూటీలోనూ ఆయన ముఖమే. ఇక ఆయన గురించి నాకు తెలియనిదేముంటుంది! మంచి మనిషి. కానీ పనిలో ఎవరైనా వేలెత్తి చూపితే ప్రాణం పోయినంత పని. "నా చేతిలో ఫిల్మ్ పాడవడమా?" అని ముక్కు ఎగరేస్తారు. అందరికీ కంప్యూటర్లొచ్చినా, మా దగ్గర ఇంకా చీకటి గదిలో మందునీళ్లలో ముంచి కడిగే ఫిల్మే. అందుకే ఆయనకి చీకటి మాస్టారని పేరు. పెట్టింది నేనే.

ఒక సోమవారం ఒక టైలరమ్మ కుంటుకుంటూ వచ్చింది. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న మనిషి. నాలుగేళ్లుగా కుడికాలు నొప్పట. బావగారు ఫిల్మ్ తీసి, కడిగి, వెలుతురుకి పట్టుకున్నారు. మోకాలి కింది ఎముకకి ఒక పక్కన, పైనుంచి కిందికి తెల్లటి చార, కొవ్వొత్తి మైనం కారి గడ్డకట్టినట్టు. ముంచేటప్పుడు ఏదో మందు కారిందనుకున్నారు. అది చాలదన్నట్టు ఫిల్మ్ పెట్టిన ప్లేటు కిందికి జారి, అడక్కపోయినా పాదం కూడా పడింది.

"ఛీ, ఈ వయసులో ఇదేం ఖర్మ!" అనుకుంటూ దాన్ని బీరువాలో పాత రిజిస్టర్ల కిందికి తోసేశారు. పాదం పడకుండా ప్లేటు సరిగ్గా పెట్టి ఇంకోటి తీశారు. కడిగిందే కడిగారు. చార అక్కడే ఉంది. మరక ఫిల్మ్ మీద కాదు, ఆమె ఎముకలోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ రెండో ఫిల్మ్ చూసి కుర్ర డాక్టరు, "ఎముక క్యాన్సర్‌లా ఉంది. గురువారం తెరిచి చూద్దాం. అనుమానం నిజమైతే అప్పుడే కాలు మోకాలి పైదాకా తీసేద్దాం" అన్నాడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద ఆమె చేత సంతకం నేనే పెట్టించాను.

"మిషను ఈ కాలితోనే తొక్కుతానమ్మా" అంది ఆమె, పెన్ను పట్టుకుని. మర్నాడే మిషన్ని తోటికోడలి ఇంటికి పంపించేసిందని విన్నాను.

బుధవారం మధ్యాహ్నం బావగారు క్యారియర్ మూత కూడా తీయలేదు.

"ఏంటి బావగారూ, తినరా?"

"ఆ చార ఉంది చూశావూ, మొదటి ఫిల్మ్‌లో చీలమండ దాటి పాదంలోకి దిగిందమ్మాయ్. ఒకే వరసలో, బొటనవేలి దాకా. క్యాన్సర్ ఫిల్ములు ఎన్ని తీశానో నాకే తెలీదు. ఏదీ ఇలా కీలు దాటి పోలేదు."

"మొదటి ఫిల్మా? ఎక్కడుందది?"

"బీరువాలో."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ పరువు కోసం ఆవిడ కాలు తీయించేస్తారా? లేవండి!" అన్నాను. బావగారిని అలా అనకూడదు. అనేశాను.

ఇద్దరం పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. "పాడైందనుకుని దాచేశానమ్మా, తప్పు నాదే" అని ఆయన ఫిల్మ్ బల్ల మీద పెట్టారు. ఆవిడ దాన్ని లైటు పెట్టెకి తగిలించి చాలాసేపు చూసింది.

"దీన్ని మెలొరియోస్టోసిస్ అంటారు. కొవ్వొత్తి కారినట్టుందే, అదే దీని గుర్తు. పుస్తకంలో చూడ్డమేగానీ మనిషిలో చూడలేదు. క్యాన్సర్ కాదు. పాదం పడకపోతే నేనూ పొరబడేదాన్నేమో" అంది. గురువారం ఆపరేషన్ల జాబితాలో టైలరమ్మ పేరు తనే కొట్టేసింది.

నొప్పి పూర్తిగా పోదనీ, మందులతో కాస్త తగ్గుతుందనీ నేనే వార్డుకెళ్లి చెప్పాను.

"ఉంటే ఉండనీ నొప్పి! కాలుంటుందిగా?" అంది టైలరమ్మ, మోకాలిని రెండు చేతులా పట్టుకుని.

నా వెనకే వచ్చిన బావగారు తలొంచుకుని నిలబడ్డారు. "సోమవారమే చెప్పాల్సింది తల్లీ. నా తప్పు బయటపడుతుందని నోరు మూసుకున్నాను. మూడు రోజులు నిన్ను ఏడిపించాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. "పోనీలెండి అన్నయ్యగారూ, శుక్రవారం చెప్పలేదు కదా!"

వేళాకోళానికే అంది పాపం. బావగారు మాత్రం మంచం పట్టీ పట్టుకుని, వార్డంతా చూస్తుండగా ఏడ్చేశారు.