స్వల్ప తాళండప్పా

ఆ రోజుల్లో మా సండూరుకు సినిమా అంటే వానలు వెనకబట్టాక వచ్చే గుడారమే. హిందీ బొమ్మ అయితే తెర పక్కన ఒకడు నిలబడి మాటలన్నీ తెలుగులో అరిచి చెప్పాలి. ఆ పని నాది. (హిందీ వచ్చని కాదు, గొంతు పెద్దదని. సంతలో నేర్చిన ఉర్దూ ముక్కలతో నెట్టుకొచ్చేవాణ్ణి.)

ఆ ఏడు మ్యాంగనీసు కొనేవాళ్లు లేక గనిలో గుంతలు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. మా నాన్న అక్కడ కూలీల మేస్త్రీ. ఆయన గుంపును ఉంచుతారో, పంపేస్తారో తెలియక మా ఇళ్లలో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఒక పొద్దున అందరూ పోయి అడిగితే మేనేజరు సారు కళ్లజోడు తుడుచుకుంటూ, కాస్త ఆగమని తన కన్నడ యాసలో, "స్వల్ప తాళండప్పా, పైనుంచి హుకుం రావల్ల" అన్నాడు. సాయంత్రం ఆ గుంపంతా రాజుల కాలం నాటి ఏడుపు సినిమాకు వచ్చి కూర్చుంది, సొంత ఏడుపు చాలనట్టు. వెనక కుర్చీలో మేనేజరు సారు. "సారొచ్చినాడు, నోరు జాగర్తరా" అన్నాడు నాన్న.

తెర మీద రాజ్యమంతా కరువు. ఎముకలు తేలిన జనం కోట ముందర చేతులు చాచారు. బొద్దుగా ఉన్న మంత్రి బయటికొచ్చి, తలపాగా సర్దుకుని, గంభీరంగా ఏదో అన్నాడు. నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ కంగారులో పొద్దున విన్నదే నోటికొచ్చింది: "స్వల్ప తాళండప్పా, పైనుంచి హుకుం రావల్ల!"

గుడారం లేచిపోయేట్టు నవ్వారు. "మన సారే గదే!" అంది మా గుంపులోని చోరనూరు అవ్వ. ఇక మంత్రి కనబడితే నవ్వు, కనబడకపోతే ఎప్పుడొస్తాడా అని నవ్వు. యువరాజు చచ్చిపోతున్నా నవ్వే. నాన్న టవలు మొహాన కప్పుకున్నాడు. అంతమంది కూడు నా నోటి వల్లే పోయిందనుకున్నాను.

మర్నాడు సారు పిలిపించాడు. నాన్నా నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఏం చెప్పినావప్పా! ఆ మంత్రి అచ్చం మా హొసపేట పెద్దాఫీసాయనే! నేనెప్పుడు పోయి అడిగినా ఇదే మాట!" నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాక నాన్న వైపు తిరిగి, "మీ గుంపుకు ఈ వారంతో పని ఐపోయిందప్పా. ఏం చేసేది, పైనుంచి హుకుం వచ్చేసినాది" అన్నాడు.

ఆదివారం ఖనిజం లారీ ఎక్కి, కాలువ కింద వరికోతలకు బయల్దేరాం. కొండ దిగాక నాన్న ఉన్నట్టుండి, "ఏమిరా, మన సారూ మంత్రే, హొసపేటాయనా మంత్రే. మరి మన రాజు యాడుండాడు?" అన్నాడు.

లారీ అంతా పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. నాన్న మాత్రం నవ్వకుండా నా మొహంలోకి చూస్తున్నాడు. ఆయన నిజంగానే అడిగాడు. సినిమా చెప్పేవాణ్ణి నేనే కదా, నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. ఇప్పుడు నాకు అప్పటి ఆయనకన్నా ఎక్కువ వయసొచ్చింది. ఆ గొంతు పెద్ద కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నాన్నకు చెప్పాల్సిన జవాబు ఇంకా రాలేదు.