ఏకగ్రీవం వద్దన్న డమ్మీ అభ్యర్థి

నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఆగస్టులో ఒక సోమవారం ఉదయం, విద్యార్థి మండలి ఎన్నికలకు నన్ను సహాయ ఎన్నికల అధికారిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను అసిస్టెంట్ రిజిస్ట్రారును. లక్షెట్టిపేట నుంచి మంచిర్యాల వెళ్లే దారిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. జూనియర్ అసిస్టెంటుగా మొదలుపెట్టి, ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మీద నోట్లు రాస్తూ ఆ కుర్చీ దాకా వచ్చినవాణ్ని.

అసలు ఎన్నికల అధికారి ఒక సీనియర్ ప్రొఫెసర్. ఉత్తర్వు అందిన పూటే ఆయనకు నడుం పట్టేసింది. కదలలేని స్థితి అని రాసి ఉన్న మెడికల్ సర్టిఫికెటును మరునాడు ఆయనే రెండంతస్తులు ఎక్కి వచ్చి ఇచ్చి వెళ్లారు. దాంతో బాధ్యత మొత్తం నా మీద పడింది.

మా క్యాంపసులో విద్యార్థి ఎన్నికలు జరిగి ఎన్నో ఏళ్లయింది. అకస్మాత్తుగా వాటి మీద మమకారం పుట్టడానికి కారణం ప్రజాస్వామ్యం కాదు. మా ప్రమాణాలను పరిశీలించడానికి బయటి నుంచి ఒక బృందం రాబోతున్నది. వాళ్లు ముందుగా పంపిన ఫారంలో 'ఎన్నికైన విద్యార్థి మండలి ఉన్నదా?' అని ఒక ప్రశ్న. కిందటిసారి దానికి 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు రాసింది నేనే. మళ్లీ అదే రాస్తే బాగుండదని పైవాళ్లకు తోచింది.

వైస్ ఛాన్సలర్ గారు నన్ను పిలిపించి విషయం తేల్చి చెప్పారు. ఎన్నిక జరగాలి, పోటీ మాత్రం జరగకూడదు. పోటీ అంటే గొడవలు, గొడవలంటే పోలీసులు, పోలీసులంటే పత్రికలు. "ఏకగ్రీవం మన సంస్కృతి రాజేశం గారూ," అన్నారు. నేను తలాడించాను. నా పెన్షన్ కాగితాలు అప్పటికి ఆయన బల్ల దాకా రాలేదు గానీ, రావలసిన దారి మాత్రం అదే.

నియమావళి చిన్నదే. అధ్యక్ష పదవికి పోటీ చేసేవారికి డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలి, తప్పిన పరీక్షలు ఉండకూడదు. నామినేషన్ల తర్వాత పరిశీలన. అంటే అభ్యర్థికి అర్హతలున్నాయో లేదో కాగితాలతో సరిచూడటం. ఆ తర్వాత ఉపసంహరణకు ఒక రోజు, మధ్యాహ్నం మూడు గంటల వరకు. అభ్యర్థి స్వయంగా వచ్చి ఎన్నికల అధికారి ముందు సంతకం చేస్తేనే ఉపసంహరణ చెల్లుతుంది.

అధ్యక్ష పదవికి మూడు నామినేషన్లు వచ్చాయి. మొదటిది సాయికిరణ్‌ది. ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో సంవత్సరం, క్యాంపసులో అతిపెద్ద విద్యార్థి సంఘానికి నాయకుడు. నామినేషనుకు డప్పులతో వచ్చాడు. రెండోది అన్వర్‌ది. ఇంగ్లీషు విద్యార్థి, జగిత్యాలలో వాళ్ల నాన్నకు టైర్ల దుకాణం. మూడోది శ్రావణిది. ఎం.ఎస్సీ. గణితం చదివే ఈ అమ్మాయిది నస్పూర్, తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఈమెను సాయికిరణే తన డమ్మీగా నిలబెట్టాడు. పెద్ద ఎన్నికల్లో పార్టీలు చేసే పనే ఇది. అసలు అభ్యర్థి నామినేషను ఏ కారణం చేతనైనా తిరస్కరణకు గురైతే చేతిలో ఒకటి ఉండాలని, తమవాళ్లలోనే నోరు మెదపని ఒకరితో మరొకటి వేయిస్తారు. శ్రావణి హాజరు తొంభై ఆరు శాతం. సంఘం సమావేశాల్లో ఒక్కసారైనా మాట్లాడినట్టు ఎవరికీ గుర్తు లేదు. డమ్మీకి ఇంతకన్నా అర్హత అక్కర్లేదు.

పరిశీలనలో సాయికిరణ్ హాజరు యాభై రెండు శాతమని తేలింది. రాజనీతి చేయడంలో తీరిక లేక రాజనీతి శాస్త్రం వినలేకపోయాడని అర్థం చేసుకున్నాను. గంట తిరగకముందే శాఖాధిపతి సంతకంతో సవరించిన ధ్రువపత్రం వచ్చింది. అందులో డెబ్బై ఆరు. రోజువారీ వివరాలు కూడా జతచేశారు. అది వాళ్లు చేసిన పొరపాటు. దాని ప్రకారం అతను రెండో శనివారాలన్నిటా తరగతికి హాజరయ్యాడు. కిందటేడు సద్దుల బతుకమ్మ పండుగ నాడు కూడా హాజరయ్యాడు. ఆ రోజు తరగతులు కాదు గదా, క్యాంపసు గేటు కూడా తెరవలేదు. ఈ రెండు సంగతులూ రాసి, నామినేషను తిరస్కరించి సంతకం పెట్టాను.

పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. సాయికిరణ్ సాయంత్రానికల్లా తేరుకున్నాడు. భార్య సర్పంచిగా గెలిస్తే భర్త కుర్చీలో కూర్చునే ఊళ్లు అతను చూడనివి కావు. శ్రావణి పేరు, తన పెత్తనం. అన్వర్ తప్పుకుంటే సరి, ఏకగ్రీవం. వైస్ ఛాన్సలర్ గారికి కూడా ఈ ఏర్పాటు నచ్చింది. మహిళా అధ్యక్షురాలంటే పరిశీలన బృందం ముందు ఇంకా శోభ.

ఉపసంహరణ రోజు పన్నెండు గంటలకు సాయికిరణ్ అన్వర్ సంతకం చేసిన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"అన్వర్‌కు జరమొచ్చింది సార్, హాస్టల్ల పండుకున్నడు. సంతకం వానిదే. తీస్కోండ్రి."

అభ్యర్థే రావాలని చెప్పాను.

"మనోళ్లే గద సార్, గింత పరేషాన్ ఎందుకు? పై నుంచి ఫోన్ వస్తది మీకు," అని కాగితం తిరిగి తీసుకుని వెళ్లిపోయాడు.

ఫోన్ నిజంగానే వచ్చింది. వైస్ ఛాన్సలర్ గారు చిన్న సాంకేతిక లోపాన్ని పెద్దది చేయవద్దన్నారు. అయినా సర్వీసులో నేర్చుకున్న ఒకే ఒక్క విద్యను వాడాను. "అలాగే సార్, ఆ మాట రాతపూర్వకంగా ఇప్పించండి," అన్నాను. ఫోన్ పెట్టేశారు. రాత రాలేదు. దీన్ని ధైర్యమని పొరబడవద్దు. రేపు విచారణ జరిగితే బల్లకు ఇటువైపు నేనొక్కణ్నే మిగులుతానన్న భయం అది.

ఒంటిగంటన్నరకు శ్రావణి ఒంటరిగా వచ్చింది. నియమావళి చూపించమని అడిగింది. నిలబడే రెండు పేజీలూ చదివింది.

"అన్వర్ మూడింటిదాక రాకపోతే ఏమైతది సార్?"

"పోటీ ఐతది."

"వస్తే?"

"నువ్వే ప్రెసిడెంటువు బిడ్డా. ఓట్లు లేవు, ఏం లేవు."

ఆమె నియమావళిని తిరిగి నా బల్ల మీద పెట్టింది. "నాకు ఏకగ్రీవం వద్దు సార్," అంది.

నేను విన్నది నిజమేనా అని మళ్లీ అడిగాను. ఉచితంగా వస్తున్న పదవిని వద్దన్న మనిషిని నా సర్వీసులో అప్పటిదాకా చూడలేదు.

"గిట్లయితే సాయన్న పెట్టిన బొమ్మ అంటరు. ఆయన ఏ కాయిదం మీద సంతకం వెట్టుమంటే గా కాయిదం మీద పెట్టాలె. ఓట్లేసి గెలిస్తే ఎవ్వలకూ జవాబు చెప్పే పనుండది. మా బాపు గనిల యూనియన్ ఎలక్షన్లప్పుడు పోలింగ్ ఏజెంటుగ కూసుంటడు సార్. డబ్బాల పడనిది ఓటే కాదంటడు."

ఓడిపోతే ఎట్లా అని అడిగాను. ఓడిపోతే ఓడిపోతనని చెప్పి వెళ్లింది.

రెండు గంటల నలభైకి ఆమె అన్వర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. అతనికి జ్వరమేమీ లేదు. సంయుక్త కార్యదర్శి పదవి ఇప్పిస్తామంటే సంతకం చేసి, సిగ్గుపడి గదిలో కూర్చున్నాడట. ఉపసంహరణకే వచ్చాడేమోనని నేను రిజిస్టరు తెరిచాను.

"దానికి గాదు సార్," అన్నాడు అన్వర్. "నేను ఉపసంహరించుకుంటలేను. మూడు గొట్టేదాక ఈడనే కూసుంటం. మళ్ల ఎవలన్నా నా పేరు మీద కాయిదం తెస్తరేమోనని ఫికర్."

ఇద్దరు ప్రత్యర్థులు నా గది బయట ఒకే బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నారు. సాయికిరణ్ మనుషులు నలుగురు వరండాలో అటూ ఇటూ తిరిగారు. ఒకడు శ్రావణితో, నామినేషను వేయించిన చెయ్యే దాన్ని తీసేయిస్తదని గట్టిగానే అన్నాడు. ఆమె లేవలేదు. మూడు కొట్టగానే నేను తుది జాబితా మీద రెండు పేర్లు రాసి నోటీసు బోర్డుకు అంటించాను.

తర్వాతి వారం రోజులు వైస్ ఛాన్సలర్ గారు నాతో కాగితాల ద్వారానే మాట్లాడారు. ఆయన భయపడ్డ గొడవలు మాత్రం రాలేదు. సాయికిరణ్ తన సంఘానికి ఒకే ఆదేశం ఇచ్చాడు: శ్రావణికి ఓటు వేయవద్దు. ఆమె హాస్టళ్ల చుట్టూ కాలినడకన తిరిగి, సాయంత్రం ఆరు తర్వాత మంచిర్యాల నుంచి అమ్మాయిలకు బస్సు కావాలన్న ఒక్క మాటే చెప్పింది. అన్వర్ కూడా రెండు రోజులకు అదే మాట ఎత్తుకున్నాడు. ఒకే కోరిక మీద ఇద్దరు పోటీపడటం చూసి నవ్వొచ్చింది గానీ, అంతవరకు ఆ బస్సు సంగతి మా ఆఫీసులో ఏ ఫైలులోనూ లేదు.

పోలింగ్ ప్రశాంతంగా ముగిసింది. లెక్కింపు మొదలుపెట్టబోతుంటే శ్రావణి ఆపింది. ముందు పెట్టెలోని బ్యాలెట్లను, చింపి ఇచ్చిన పుస్తకాల్లో మిగిలిన కౌంటర్‌ఫాయిళ్లను లెక్కించి సరిపోల్చమంది. నాకు తట్టవలసిన సంగతి అది. సరిపోల్చాము. లెక్క కుదిరింది. అన్వర్‌కు నాలుగు వందల ఇరవై ఒకటి. శ్రావణికి నాలుగు వందల ఎనిమిది. చెల్లనివి పదిహేడు. ఆ పదిహేడింటి మీదా పెన్నుతో సాయికిరణ్ పేరు రాసి ఉన్నది.

శ్రావణి ఏజెంటుగా కూర్చున్న స్నేహితురాలు లేచి, ఆయన డమ్మీ ఈమే కాబట్టి ఆ ఓట్లు ఈమెకే రావాలని వాదించింది. పదిహేడు కలిస్తే గెలుపు. నియమం ఒప్పుకోదని నేను చెప్పేలోపే శ్రావణి కల్పించుకుంది.

"గవి ఆయనయి, నాయి గావు. ఊకో."

ఫలితాల పత్రం మీద ఆమె సంతకం పెట్టింది. కళ్లు తుడుచుకుని, అన్వర్‌కు చెయ్యి కలిపింది. ఓడినందుకు బాధపడుతున్నావా అని నేను అడగవలసింది కాదు, అడిగాను.

"బాధయితంది సార్. గని నన్ను చూసి నాలుగు వందల మంది ఓటు గుద్దిండ్రు. నిన్నటిదాక నా పేరు గూడ తెల్వదు వాళ్లకు."

పరిశీలన బృందం వచ్చినప్పుడు వరుసలో నిలబడ్డ ఓటర్ల ఫోటో నివేదికలో నిండు పేజీకి వేశారు. శీర్షిక 'మా ప్రజాస్వామిక సంప్రదాయం'. బృందం మెచ్చుకున్నది. మరుసటి ఏడాది నుంచి మండలిని మార్కుల ఆధారంగా నామినేట్ చేయాలని తీర్మానమైంది. ఫారంలో ప్రశ్న ఆ ఏడాదికే పరిమితం గదా. ఆ తీర్మానం ముసాయిదా రాసింది కూడా నేనే. సాయంత్రం బస్సు మాత్రం దీపావళి ముందర మొదలైంది. నా పెన్షన్ కాగితాలు రెండు నెలలు ఆలస్యంగా కదిలాయి. కారణం ఫైలులో ఎక్కడా లేదు.

అంతవరకు ఎన్నిక అంటే నియమావళి, పెట్టె, సిరా, బందోబస్తు అనుకునేవాణ్ని. అవన్నీ మేము సమకూర్చాము, అయినా మూడో నామినేషను వేసిన అమ్మాయి బెంచీ మీద కూర్చోకపోతే ఎన్నిక జరిగేది కాదు. ఓడిపోవడానికి సిద్ధపడ్డవాళ్లు ఒక్కరైనా ఉన్నచోటే ఎన్నిక జరుగుతుంది. మిగతాదంతా ఏర్పాట్లు.