కైలాసం మామ వేయించిన స్టూలు

మా కైలాసం మామకు ఒక్కటే జబ్బు. దుకాణం కనబడితే ఆగాల్సిందే. కొనడానికి కాదు, "జర స్టూల్ వెయ్ భాయ్" అని ముచ్చట పెట్టడానికి. పాతబస్తీలో ఉప్పు కోసం పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేవాడు, ఉప్పు లేకుండా.

డెబ్బై నాలుగులో మా అమ్మ కాశమ్మకు చార్మినార్ చూపిద్దామని, నా భార్య సుశీలతో కలిసి కాజీపేటలో రైలెక్కాం. "కాళ్లు నొస్తున్నయంటే మాత్రం ఆన్నించే వాపస్ తీస్కపోత" అని అమ్మను ముందే బెదిరించాను. చరిత్రను చెప్పులతో చూడటం మర్యాద కాదని నేను కొత్త బూట్లు కూడా కొన్నాను.

రైలు దిగి, బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగితే మామ ఎదురొచ్చాడు. రిక్షా పిలిచాను. "మనిషి గుంజే బండ్ల నేను కూసోను బిడ్డా, నడుస్త" అంది అమ్మ.

నయాపూల్ వంతెన దాటామో లేదో మామ మొదలుపెట్టాడు. "సీతారాం, జర స్టూల్ వెయ్! మా అక్క వచ్చింది!" చాయ్ వచ్చింది. తర్వాత అత్తరు దుకాణం, మళ్లీ చాయ్. ఆ తర్వాత గొడుగులు బాగుచేసే దుకాణం. గొడుగే లేని మాకు అక్కడేం పనో!

"మామా, రైలు పోతది!"

"యాడికి పోతది అల్లుడా, కాజీపేటకే గద! ఫికర్ జెయ్యకు."

పత్తర్‌గట్టిలో గడియారాల దుకాణమాయన స్టూలు వేసి, "మీరెవరు సాబ్?" అన్నాడు. మామ తొణకలేదు. "చాయ్ తాగేటాలకు తెలుస్తది భాయ్."

నాకు ఒళ్లు మండింది. "తెల్వనోళ్ల దుకాణంల గూడ లొల్లేంది మామా?"

మామ నన్ను పక్కకు లాగాడు. "మెల్లగ! అక్క మోకాలు వాసింది. నయాపూల్ మీద గోడ పట్టుకున్నది, నేను చూసిన. నువ్వు వాపస్ తీస్కపోతవని చెప్తలేదు."

తిరిగి చూశాను. అమ్మ గడియారాలు చూస్తున్నట్టు నటిస్తూ మోకాలు రుద్దుకుంటోంది. పొద్దుటి నుంచి మామ వేయించిన ప్రతి స్టూలు మీదా కూర్చున్నది అమ్మే. మామ నిలబడే ఉన్నాడు. నేనైతే గడియారం తప్ప ఏమీ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరో రెండు చాయ్‌ల తర్వాత అమ్మ తన కాళ్ల మీదే చార్మినార్ కింద నిలబడింది. "అబ్బ, ఎంత పెద్దగున్నదిరా!" అంది చిన్నపిల్లలా. నాకు తలెత్తి చూసే భాగ్యం కూడా లేదు. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి, కుంటుతున్నాను.

అమ్మ నన్ను కిందికీ పైకీ చూసి, గాజుల దుకాణం వైపు తిరిగి బజారంతా వినబడేలా కేకేసింది.

"జర స్టూల్ వెయ్ భాయ్! మా పోరనికి కాళ్లు నొస్తున్నయట!"

సుశీల నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కూర్చున్నాను. అమ్మ నా తల నిమిరింది.

"భయపడకు బిడ్డా, నిన్ను వాపస్ తీస్కపోనులే."