పటంలో సంచీ ఉండాలా, వద్దా

అది 2022. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగు వినబడే రోజులు. రేవుకు దగ్గర్లో పటాలు కట్టే దుకాణంలో నా పని. నా చదువు ఐదో తరగతితో సరి. రాజమండ్రిలో దేవుడి పటాలు కట్టే మా నాన్న దగ్గర చేతికి అబ్బిన పని ఇది.

బొమ్మలు వేయడం చదువుతున్న సాహితి ఒకరోజు బొగ్గుతో గీసిన పెద్ద బొమ్మ తెచ్చింది. ఒంటికి దుప్పటి మడతలుగా చుట్టుకుని, ఒక కాలిమీద బరువు వేసి నిలబడిన కుర్రాడు. కుడి భుజానికి మాత్రం ఫుడ్ డెలివరీ సంచీ.

"ఎవరమ్మా ఈ రాజుగారు?"

"మా బేస్‌మెంట్‌లో ఉండే వంశీ, ఆంటీ."

వాళ్ల క్లాసులో ప్రాచీన గ్రీకు విగ్రహానికి ప్లాస్టర్ నకలు ఉందట. యూరప్‌లో తరతరాలుగా అలాంటివి చూసే గీయడం నేర్చారట. దొరలు తమ బొమ్మలు కూడా అదే తీరులో వేయించుకునేవారట, గొప్పవాళ్లనుకోవాలని. మరి కూలివాడో అని అడిగాను. ఎక్కువగా ఓ మూల నడుం వంచి కనబడతాడంది. అందుకే వంశీని ఆ విగ్రహంలా నిలబెట్టిందట. నాకు తమాషాగా తోచింది. మా నాన్న కట్టిన పటాల్లో కృష్ణుడూ ఒక కాలిమీదే బరువు వేస్తాడు.

ఆ బొమ్మ కాలేజీ ప్రదర్శనకు ఎంపికైంది. మర్నాడు వంశీ ఒక్కడే వచ్చాడు. బొమ్మ చుట్టూ అద్దం కింద వేసే దళసరి అట్ట అంచును మ్యాట్ అంటాం. దాన్ని వెడల్పుగా కోసి సంచీని కప్పేయమన్నాడు. గుంటూరులో ఇంట్లోవాళ్లకు ఆఫీసు ఉద్యోగమని చెప్పాడట. ప్రదర్శన ఫొటోలు అక్కడిదాకా పోతాయని భయం. గీసిన పిల్లకు తెలియకుండా కోయనని, ఇద్దరినీ కలిసి రమ్మన్నాను.

వచ్చారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. మ్యాట్ కోశాక మళ్లీ అతకదు. అందుకే ముందు విడి అట్టముక్కలు బొమ్మమీద జరిపి చూస్తాం. ఒకదాన్ని సంచీమీదికి జరిపాను.

వంశీ చాలాసేపు చూశాడు. "అదేంటాంటీ, పడిపోతున్నట్టున్నాను?"

"ఆ భుజాన బరువుందనే కదయ్యా ఇటు ఒరిగావు."

"నీకిష్టం లేకపోతే అసలు పెట్టను వంశీ" అంది సాహితి మెల్లగా.

అతను అట్టముక్కను తనే పక్కకు తీశాడు. ఫోన్‌తో బొమ్మను ఫొటో తీసి, ఇంకెవరో చూపించేలోపు తనే చూపిస్తానంటూ వాళ్లమ్మకు పంపాడు.

కాసేపటికి జవాబొచ్చింది. చదివి నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, ఫోన్ నాకిచ్చాడు. "దుప్పటి చుట్టుకున్నావేంట్రా, అంత చలా? ఆ సంచీ రోజూ మోస్తావా?" అని ఉంది.

మ్యాట్ సన్నగానే కోశాను. అప్పటినుంచి ఎవరు పటం కట్టమన్నా, ఏది దాచాలని అడిగే ముందు, బొమ్మలో మనిషి దేని ఆధారంగా నిలబడ్డాడో చూసుకుంటాను.