విడిపోతే ఎవరు ఎటు

గచ్చిబౌలిలో మా ఆఫీసులో పదేళ్లకు పైగా నేను చేసిన పని ఒకటే: స్కాట్లాండ్‌లోని ఒక పెన్షన్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ చూసుకోవడం. అక్కడివాళ్లు పొద్దున ఆఫీసుకొచ్చి కూర్చునేసరికి మాకు మధ్యాహ్నం భోజనాలు అయిపోయేవి. అప్పుడు కాల్ మొదలయ్యేది. అవతలి వైపు గ్లాస్గో పెద్దాయన ఒకరు ఉండేవారు. పెన్షన్ విషయంలో ఏ నియమం ఎందుకొచ్చిందో కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి. మొదట్లో ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. తర్వాత తర్వాత ఆ గొంతు మా ఇంట్లోవాళ్ల గొంతంత అలవాటైంది.

బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని స్కాట్లాండ్‌లో ఓటింగ్ జరిగిన ఏడాదే మా రాష్ట్రం రెండయింది. అక్కడ వద్దన్నవాళ్లే గెలిచారు. ఆయన కావాలని ఓటేసినవారు. ఓడినా ఆశ వదులుకోలేదు. ఇంకోసారి ఓటింగ్ వస్తుందని, ఈసారి గెలుస్తామని చెబుతుండేవారు. మా రాష్ట్రం సంగతి ఆయనకు తర్వాతి ఏడాది తెలిసింది. ఆ రోజు పని పక్కనపెట్టి మరీ అడిగారు.

"మేం చేయలేనిది మీరు చేశారు. చెప్పండి, ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాను.

పక్క కుర్చీలో కూర్చున్న మా టీమ్ అమ్మాయి తన మైకు ఆపేసుకుని నవ్వింది. ఆమెది మా ఆఫీసుకు దగ్గర్లోనే ఉన్న గోపన్‌పల్లి. చదువుకునే రోజుల్లో తెలంగాణ కావాలని రోడ్డు మీద కూర్చుని పోలీసు దెబ్బలు తిన్నది. నాది కడప జిల్లా. ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లం కానీ ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరం జాగ్రత్తగా ఉండేవాళ్లం.

"అబద్ధమెందుకు చెప్తవ్ అక్కా? నీకు మంచిగ అనిపియ్యలేదని నాకెరుకే" అంది.

నాకు మంచిగా అనిపించకపోవడానికి కారణం మా అన్న.

మా అన్న ఇరవై రెండేళ్ల వయసులో కడప నుంచి హైదరాబాద్ వచ్చి ఒక ప్రభుత్వ సంస్థలో చేరాడు. బాలానగర్‌లో కిరాయి ఇల్లు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, అక్కడే చదివారు. నన్ను ఈ ఊరికి తెచ్చి చదివించింది కూడా ఆయనే. రాష్ట్రం విడిపోయాక ఉద్యోగులను పంచడానికి జాబితా తయారుచేశారు. ఎవరు ఎటు అని తేల్చడానికి నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివారో చూశారు. అన్న చదివింది కడప జిల్లాలో. అందుకని ఇక్కడి ఆఫీసు ఒక మధ్యాహ్నం ఆయన చేతికి రిలీవింగ్ ఆర్డరు ఇచ్చి పంపేసింది. అది పట్టుకుని విజయవాడ పోతే అక్కడివాళ్లు తీసుకోలేదు. మా దగ్గర ఖాళీలు లేవు, మీరు మావాళ్లని మేమింకా ఒప్పుకోలేదు అన్నారు.

ఆ రోజు రైలు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ బడిలో ఏడేండ్లు కూచున్న్యా మే. ఈడ ముప్పై ఏండ్లు పనిచేసినా. ఏడేండ్లే పెద్దవైపాయ" అన్నాడు.

ఏ రాష్ట్రానికీ చెందకుండా ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాడు. ఉద్యోగుల సంఘం కోర్టుకెళ్లింది. తీర్పు వచ్చింది, దాని మీద ఇంకో కేసు పడింది. రెండు రాష్ట్రాలవాళ్లూ కూర్చుని మాట్లాడుకుంటారు, అంతా సర్దుకుంటుంది అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్పేవారు. పనిలో ఉన్నప్పుడు ఇల్లంతా వినబడేలా మాట్లాడే మనిషి, పిలిస్తే తప్ప పలకనివాడయ్యాడు.

కొన్నేళ్లకు స్కాట్లాండ్‌లో రెండో ఓటింగ్ మాట గట్టిగా వినబడింది. అక్కడి ప్రభుత్వమే పెడతామంది. మా క్లయింటు కంపెనీ కంగారుపడి, ఒకవేళ విడిపోతే సాఫ్ట్‌వేర్‌లో ఏమేం మార్చాలో రాసివ్వమంది. ఆ పని పెద్దాయన నాకు అప్పగించారు. ఆయన గొంతులో పండగ వినిపించింది.

నేను ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. గ్లాస్గోలో పుట్టి, లండన్‌లో పనిచేసి, రిటైరయ్యాక తిరిగొచ్చిన మనిషికి పెన్షన్ ఏ దేశానిది? ఏ డబ్బులో ఇవ్వాలి? కొత్త దేశం తన డబ్బు తెచ్చుకుంటే, పాత డబ్బులో దాచుకున్నది ఏమవుతుంది? భర్త ఒకవైపు, భార్య ఇంకోవైపు లెక్కకొస్తే? రాసేకొద్దీ పేజీలు పెరిగాయి. ఆయన ఓపికగా చదివి, సగానికి పైగా ప్రశ్నల ఎదురుగా ఒకటే మాట రాశారు: "చర్చల్లో తేలుతుంది."

ఆ మాట చూశాక ఉండబట్టలేకపోయాను. కాల్‌లో మా అన్న సంగతి మొత్తం చెప్పేశాను.

"అది మీ అధికారుల తప్పు. విడిపోవడం తప్పు కాదు" అన్నారు ఆయన.

"విడిపోయాక పనిచేసేదీ ఆ అధికారులే కదా" అన్నాను.

కాల్ అయ్యాక గోపన్‌పల్లి అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"మీ అన్నకు అయింది అన్యాయమే. నేను కాదన. కానీ అక్కా, నువ్వు ఈడ ఓడిపోయినవ్ కాబట్టి ఆయన ఆడ గెలవొద్దంటున్నవ్."

ఇంటికెళ్లే బస్సులో ఆ మాటే నన్ను పట్టుకుంది. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆ వేసవిలో ఆయన వారం రోజులకు హైదరాబాద్ వచ్చారు. ఆదివారం మీ అన్నను చూడాలి అని తనే అడిగారు. బాలానగర్ తీసుకెళ్లాను. అప్పటికి కోర్టు తీర్పుతో అన్నకు విజయవాడలో పోస్టింగ్ వచ్చి కొన్ని నెలలైంది, సెలవు రోజుల్లో ఇంటికొచ్చేవాడు. వదిన బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసింది. పెద్దాయన మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వించారు. తర్వాత తన దేశం గురించి చెప్పారు. చదువు, వైద్యం, సముద్రంలో చమురు, ఎప్పుడూ తాము ఓటెయ్యని పార్టీలు లండన్‌లో కూర్చుని ఏలడం. బాగా చెప్పారు. అన్న తల వంచుకుని అంతా విన్నాడు.

"జాబితా ఎవరు రాస్తారు సార్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఏ జాబితా?"

"ఎవరు మీవాళ్లు, ఎవరు కాదు అని."

"మాకు పుట్టుకతో పని లేదు. అక్కడ ఉంటున్నవాళ్లందరూ మావాళ్లే. ఓటు కూడా అలాగే ఇచ్చాం."

"మాకూ ముందు అట్లనే చెప్పినారు సార్" అని తెలుగులో అని, నా వైపు తిరిగి ఆయనకు చెప్పమన్నాడు. చెప్పాను. అన్న మళ్లీ ఇంగ్లీషులో అడిగాడు. "నాలుగు నుంచి పదో క్లాసు దాకా మీరు ఎక్కడ చదివారు సార్?"

పెద్దాయన ఆలోచించారు. ఆయన చిన్నప్పుడు గ్లాస్గోలో ఓడలు కట్టే పని తగ్గిపోయి, తండ్రి కుటుంబాన్ని ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కు తీసుకెళ్లాడట. "లివర్‌పూల్‌లో. పద్దెనిమిదేళ్లకు తిరిగొచ్చాను."

"అయితే మిమ్మల్ని రిలీవ్ చేస్తారు సార్" అన్నాడు అన్న.

పెద్దాయన నవ్వారు. ఎదుటి మనిషి నవ్వడం లేదని చూసి ఆపేశారు. తిరిగొచ్చే దారిలో కారులో, తన చెల్లెలు లివర్‌పూల్‌లోనే ఉండిపోయిందని, మొదటి ఓటింగ్ నాటి నుంచి తనతో మాట్లాడటం లేదని చెప్పారు.

ఆ ఏడాది చివర బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పేసింది: లండన్ ఒప్పుకోకుండా రెండో ఓటింగ్ పెట్టే అధికారం స్కాట్లాండ్‌కు లేదు. ఆ మధ్యాహ్నం ఆయన కెమెరా ఆపి కాల్‌లోకి వచ్చారు. నేను అనుకున్నట్టే జరిగింది. సంతోషం మాత్రం కలగలేదు.

"మీరు చెప్పిందే నిజం కావచ్చు. విడిపోతే మీ అన్నలాంటివాళ్లు మాలోనూ మిగిలిపోతారేమో" అన్నారు ఆయన. "కానీ అడగకుండా పోలేం, అడిగితే పోనివ్వరు. దీన్ని కలిసి ఉండటం అంటారా?"

విడిపోవద్దు అనడానికి నా దగ్గర పేజీల కొద్దీ ప్రశ్నలున్నాయి. కలిసి ఉండండి అని చెప్పడానికి ఒక్క కారణం కోసం వెతికాను. దొరకలేదు. క్షమించండి అన్నాను. దేనికని ఆయన అడగలేదు.

అన్న విజయవాడలో ఏడాదికి పైగా పనిచేసి రిటైరయ్యాడు. ఒక గదిలో ఒంటరిగా వండుకుని తిన్నాడు. పెన్షన్‌కు కావలసిన ఆయన సర్వీసు పుస్తకం పంపేశామని ఇక్కడివాళ్లు, అందలేదని అక్కడివాళ్లు ఇంకా అంటున్నారు. దాని కోసం నెలకోసారి విజయవాడ రైలెక్కుతాడు. ఏమైందని మేం అడగడం మానేశాం. గోపన్‌పల్లి అమ్మాయి వేరే కంపెనీకి మారింది. పోయే ముందు రోజు, వాళ్ల నాన్న పొలం ఉన్నచోట కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇల్లు కిరాయికి చూశానని, ఆ కిరాయి తమకు అందనంత ఉందని చెప్పింది. అయినా రాష్ట్రం రావడం తప్పని ఆమె అనలేదు, నేనూ అనిపించుకోవాలని చూడలేదు.

పెద్దాయన కూడా రిటైరయ్యారు. మొన్న ఒక మెయిల్ రాశారు. అక్కడ ఎన్నికల్లో మళ్లీ అదే మాట ఎత్తుతున్నారట. వద్దనేవాళ్లు పాత భయాలే చెబుతున్నారు, కావాలనేవాళ్లు పాత ఆశలే చెబుతున్నారు, ఎవరూ ఎవరి మాటా వినడం లేదు అని రాశారు. చెల్లెలికి పుట్టినరోజు కార్డు పంపితే తిరిగొచ్చిందట. ఈసారి తను ఓటు వేయడానికి వెళ్లడం లేదని, జీవితంలో ఇదే మొదటిసారని రాశారు.

వెళ్లండి అని జవాబు రాయబోయాను. దేనికి వెయ్యమంటారని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆరోగ్యం జాగ్రత్త అని రాసి పంపించాను.