మా మరిది పట్టుకుపోయిన తలుపు

మా మరిది పోయాడన్న కబురు ఆదిలాబాద్ నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టర్ తెచ్చాడు. వినగానే నా నోటి వెంట వచ్చిన మాట, "అయ్యో, నా తలుపియ్యకుండనే పోయిండా!" విన్నవాళ్లు నన్నేమనుకున్నారో. పదేళ్లుగా ఆ మనిషి కనబడితే చాలు, నేను అడిగింది అదే. పోయిన పూట కొత్త మాట ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?

అప్పట్లో మేమంతా ఇచ్చోడలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మరిది వేలంలో పాత మిలిటరీ లారీ కొన్నాడు. ఇంజనుంది, చక్రాలున్నాయి, వెనక సరుకు వేసే పెట్టె మాత్రం లేదు. పత్తి మోయడానికి లారీ కొనేవాడు పెట్టె ఉందో లేదో చూసుకోడా, మీరే చెప్పండి!

"పెట్టెదేమున్నది వదినె, మనమే జేసుకుందాం" అన్నాడు. సుత్తి పట్టుకోవడం రాదు. వడ్రంగం చేసే వడ్లాయన వచ్చి చూసి, నవ్వి వెళ్లిపోయాడు. విరిగిన ఎడ్లబండి చెక్కలు, సబ్బుల డబ్బాల పలకలు, ఏది దొరికితే అది కొట్టాడు. నెల రోజులు వాకిలి నిండా మేకులే. తొక్కని వాళ్లు లేరు.

మూడు వైపులు అయ్యాయి. వెనక మూయడానికి చెక్క లేదు, తెల్లారితే పత్తి ఎత్తాలి. నేను వాగుకు పోయి బట్టలు ఉతుక్కొచ్చేసరికి మరిది లేడు, లారీ లేదు, మా పెరటి తలుపూ లేదు! అది మా బాపు చివరి రోజుల్లో దగ్గరుండి నాకోసం చేయించిన టేకు తలుపు. ప్రతి శుక్రవారం దాని అడుగున పసుపు రాసి బొట్లు పెట్టేదాన్ని.

ఎనిమిది రోజులకు వచ్చాడు. "జర ఓర్సుకో వదినె, గీ పత్తి ఒడవంగనే తెచ్చి బిగిస్త. ఫికర్ జేయకు." పత్తి అయిపోయింది. తర్వాత మక్కలన్నాడు. మక్కల తర్వాత బాసర పోయే జనం ఉన్నారన్నాడు. ఆ తర్వాత మరిదీ తోటికోడలూ ఆదిలాబాద్‌లో వేరు కాపురం పెట్టారు. మరిది ఎప్పుడొచ్చినా లారీ మూతి మా ఇంటి వైపే పెట్టేవాడు, వెనక తాడిపత్రి పట్టా వేలాడేది. చూద్దామని పోతే, "గటు పోకు, మేకులుంటయ్" అని అడ్డం వచ్చేవాడు.

కొత్తది చేయిద్దామన్నారు మా ఆయన. "నాకు మా బాపు తలుపే కావాలె" అని మొండికేశాను. వెదురు తడక కట్టుకున్నాం. కుక్క దాన్ని తోసుకొచ్చి రొట్టెలు ఎత్తుకుపోయేది. "నీ లారీ పాడుగాను!" అని తిట్టేదాన్ని. పాపం, వేములవాడ పోతే గాజులు తెచ్చేవాడు, బాసర పోతే కుంకుమ. తలుపు అడిగితే గాజులా? గాజులతో పెరడు మూసుకోనా?

నా రెండో కాన్పు కష్టమైనప్పుడు ఆ లారీ ముందు సీట్లోనే నన్ను ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. దారిపొడుగునా గుంతలు తప్పించుకుంటూ, చెమటలు కక్కుతూ నడిపాడు. నొప్పుల్లో కూడా తలుపెప్పుడు తెస్తావని అడిగానట. మరిది ఏడ్చాడట. నా మీద జాలితో అనుకున్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక తోటికోడలు నన్ను లారీ దగ్గరికి తీసుకుపోయింది. "నీ తలుపు తీస్కపో అక్కా" అంది. తాడిపత్రి ఎత్తి చూశాను. తలుపు నాలుగు వేళ్లు పొట్టిగా ఉంది. పెట్టెలో పట్టలేదని ఆ మొదటి రోజే కోసేశాడు!

తోటికోడలు ముందు సీటు ఎత్తింది. దాని కింద ఆయన పాత రుమాలులో చుట్టిన టేకు ముక్క. నా పసుపు, నా బొట్లు అలాగే ఉన్నాయి. "నీకు చెప్పనీకి భయపడ్డడక్కా. అతికిచ్చి తెస్త, అతికిచ్చి తెస్త అనుకుంటనే ఉండె."

నొప్పులు పడుతూ నేను కూర్చున్నది ఆ సీటు మీదే. ఒక్కసారి చెబితే ఏం పోయేదయ్యా? తిట్టేదాన్ని, ఆ పూటకు అన్నం పెట్టేదాన్ని కాదు. అంతేగా!

ఇప్పుడు తడక తీసేసి తలుపు బిగించాం. ముక్క అతికిస్తానని వడ్లాయన వచ్చాడు, వద్దన్నాను. కింద నాలుగు వేళ్ల సందు. అందులోంచి కోడిపిల్లలు ఒకదాని వెనక ఒకటి దూరి వచ్చి నేను చెరిగి పెట్టుకున్న బియ్యం మీద పడతాయి. చేట ఎత్తి, వాకిలి వైపు తిరిగి అరుస్తాను: "నీ లారీ పాడుగాను, మరిదీ!"