అన్న ఫ్రెంచి, నా బ్రేకరు

ఆ రోజుల్లో ఆత్మకూరులో కరెంటు రోజుకి పదిసార్లు పోయేది గానీ, నా అసూయకి మాత్రం ఏనాడూ కోత ఉండేది కాదు. సబ్‌స్టేషన్‌లో కొత్తగా చేరిన ఆపరేటర్ని నేను. నేను హ్యాండిల్ తిప్పకపోతే కలువాయి దాకా తెల్లవారదని నా నమ్మకం. అలాంటి నన్ను కాదని, పాండిచ్చేరిలో ఫ్రెంచి చదివొచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఉదయగిరికంతా పెద్దమనిషైపోయాడు. ఫ్రెంచి మాట్లాడే ఏదో ఆఫ్రికా దేశానికి కరెంటు సామాన్లు పంపే మద్రాసు కంపెనీ ఒకటి, వాటి ఇంగ్లీషు పేర్లు ఫ్రెంచిలోకి మార్చిపెట్టమని అతనికి రెండొందల పేజీల (సరే, ఇరవై) కట్ట పంపింది. బాగా చేస్తే ఆ కంపెనీలోనే ఉద్యోగమట. ఇక మా నాయన కంచం ముందు కూర్చుంటే చాలు, "వాడు ఉదయగిరిలో కూర్చోని ఆఫ్రికాకి కరెంటిస్తా ఉండాడు. నువ్వు మన వీధికే ఇయ్యలేవు" అనేవాడు. ముద్ద దిగేది కాదు.

ఒకరోజు అన్న ఆ కట్టతో సబ్‌స్టేషన్‌కే వచ్చాడు. "పేర్లన్నీ మార్చేసినా తమ్ముడా. ఈ బొమ్మల పక్కన రాయాల. ఏ బొమ్మ ఏందో నాకు తెలీదు, కాస్త చూపించు." ట్రాన్స్‌ఫార్మర్‌ని నిజాయితీగానే చూపించాను (ఏనుగంత ఉంటుంది, దాచలేం). ఆ తర్వాత నాయన మాట గుర్తొచ్చి, బ్రేకరుని (పారే కరెంటుని ఆపేది అదే) చూపించి ఐసోలేటరన్నాను, ఐసోలేటరుని (కరెంటు ఆగాక లైనుని విడదీసేది) చూపించి బ్రేకరన్నాను. అన్న బుద్ధిగా రాసుకుని, నాకు టీ కూడా తాగించి వెళ్లాడు. మద్రాసులో అతని మొహాన కాగితాలు విసిరికొట్టడం తలుచుకుంటూ ఆ పూట రెండు కంచాలు తిన్నాను.

మర్నాడు పొద్దున లైను రిపేరు. మా లైన్‌మన్ భాయ్ రోజూ అనే మాటే మళ్లీ అన్నాడు. "ముందు బ్రేకర్ తియ్యి సామీ. కరెంటు పారతా ఉండంగా ఐసోలేటర్ లాగితే మనిద్దరం బొగ్గులమే." నా చెయ్యి హ్యాండిల్ మీదే ఆగిపోయింది. నేను చూడని ఊళ్లో, నాలాంటి ఆపరేటరొకడు నా పేర్లు నమ్మి, ఐసోలేటర్నే బ్రేకరనుకుని ముందు లాగుతాడు. డ్యూటీ దిగగానే ఉదయగిరి బస్సెక్కాను. దుత్తలూరులో టీకి ఆపినందుకు డ్రైవర్ని కొట్టబోయాను.

అన్న బనీనుతో కూర్చుని టైపు కొడుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. అతను తలెత్తలేదు.

"తెలుసు. పోయేటప్పుడు గేటు కాడ మీ భాయ్‌ని అడిగి సరిచేసుకున్నా."

"నన్ను నమ్మలేదా అన్నా?"

"చిన్నప్పుడు నా కొత్త చొక్కా మీద సిరా పోసినావే, నిన్న నీ మొహం అట్నే ఉండిందిరా."

చివరి పేజీ నా ముందుకి తోశాడు. అతని పేరు కింద నా పేరు. సాంకేతిక సహాయం నాదని ఫ్రెంచిలో రాశాడట. "ట్రాన్స్‌ఫార్మర్ నువ్వే కదా చూపించింది" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది, మద్రాసు వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగం మీది కుళ్లు కొన్నాళ్లకి చల్లారింది గానీ, అంత మంచివాడుగా ఎలా ఉండగలిగాడన్న కుళ్లు ఇప్పటికీ ఉంది. ఆ కాగితాల నకలు నా ట్రంకుపెట్టెలో ఉంది. ఇంటికొచ్చిన వాళ్లకల్లా చివరి పేజీ తీసి చూపిస్తాను. అందులో నేను చదవగలిగింది నా పేరొక్కటే. మిగతాదాన్లో ఏముందని ఎవరైనా అడిగితే, "ముందు బ్రేకరు, తర్వాతే ఐసోలేటరు" అని చెప్పి పెట్టె మూసేస్తాను.